భాగం - 9 : మొబైల్ యాప్ తెరలలో వెనక్కి బటన్ నిర్వహణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 తెరల స్టాక్
9.3 'వెనక్కి' వేరు, 'పైకి' వేరు
9.4 వెనక్కి బటన్ ఎలా మారుతూ వచ్చింది
9.5 నొక్కును ముందుగా ఎవరు అందుకోవాలి
9.6 జాగ్రత్త అవసరమైన సందర్భాలు
9.7 విధాన క్రమం
9.8 పరీక్షించే పద్ధతి
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• యాప్‌లోని తెరలు స్టాక్ రూపంలో ఎలా పేరుకుంటాయో వివరించగలుగుతారు.
• 'వెనక్కి', 'పైకి' అనే రెండు ప్రయాణాల మధ్య తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఫారం, నమోదు, చెల్లింపు, లాగిన్ తెరలలో వెనక్కి బటన్ ఏం చేయాలో నిర్ణయించగలుగుతారు.
• ఒక చిన్న యాప్‌కు వెనక్కి బటన్ విధాన క్రమాన్ని రాసి, పరీక్షించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

గత భాగంలో ఒక తెర నుంచి మరొక తెరకు ముందుకు వెళ్ళడం ఎలాగో తెలుసుకున్నారు. ఈ భాగంలో తిరిగి రావడం గురించి తెలుసుకుందాం. ముందుకు వెళ్ళే దారిని యాప్ తయారుచేసినవారు వేస్తారు. వెనక్కి ఎప్పుడు రావాలనేది మాత్రం వాడేవారి చేతిలో ఉంటుంది. వారు ఏ తెర మీద ఉన్నా, ఏ క్షణంలోనైనా ఆ బటన్ నొక్కవచ్చు. అందువల్ల ప్రతి తెరకూ దీనికి సమాధానం సిద్ధంగా ఉండాలి.

ఈ భాగమంతటా ఒకే ఉదాహరణ తీసుకుందాం. సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలోని రైతుల కోసం మీరు 'పంట నమోదు' అనే అభ్యాస యాప్ తయారుచేస్తున్నారని ఊహించండి. 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగర్ జలాశయం ఈ మండలంలోనే ఉంది. దాని నిల్వ సామర్థ్యం 15 టీఎంసీలు. మర్కూక్ వద్ద ఉన్న పంపుహౌస్ నీటిని ఎత్తి ఆ జలాశయంలో పోస్తుంది. నీరు వచ్చిన చోట ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు ఏ పంట వేశారన్న లెక్క అవసరమవుతుంది. మన యాప్ పని ఆ వివరాలను తీసుకోవడమే. ఇందులో ఐదు తెరలు ఉంటాయి: హోమ్, గ్రామం ఎంపిక, పంట వివరాలు, సరిచూపు, నమోదు పూర్తి.

ఇప్పుడు ఈ దృశ్యం ఊహించండి. ఒక పెద్దాయన పొలం గట్టు మీద నిలబడి పాస్‌పుస్తకం చూసుకుంటూ ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం అన్నీ టైపు చేశాడు. కీబోర్డు అడ్డుగా ఉందని, దాన్ని దించడానికి వెనక్కి నొక్కాడు. దిగలేదనుకొని మళ్ళీ నొక్కాడు. తెర మారిపోయింది.

"మొత్తం పోయింది బిడ్డా, మళ్ల మొదటికెల్లి రాయాల్నా?" అని అన్న కూతురిని అడిగాడు.

"అవును చిన్నాయనా, దాచుకోలేదు ఇది" అంది ఆమె.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఒకే బటన్ మొదటి నొక్కుకు కీబోర్డును దించింది, రెండో నొక్కుకు తెరను మూసింది. రాసిన వివరాలు పోతాయని యాప్ హెచ్చరించనూ లేదు, వాటిని దాచనూ లేదు. ఇలాంటి అనుభవం రెండుసార్లు ఎదురైతే ఆ రైతు యాప్ వదిలేసి కేంద్రం దగ్గర వరుసలో నిలబడతాడు. ఈ స్థితి రాకుండా చూడడమే ఈ భాగం ఉద్దేశం.

9.2 తెరల స్టాక్

విందులో వడ్డనకు ముందు ఇస్తరాకుల కట్ట పక్కన పెడతారు. చివరగా పైన పెట్టిన ఆకునే ముందుగా తీస్తారు. అడుగున ఉన్నది చివరకు వస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో ఇలాంటి అమరికను స్టాక్ అంటారు. దీనికి రెండు ముఖ్యమైన క్రియలు ఉన్నాయి. పైన ఒకటి పెట్టడం 'పుష్', పైనున్నదాన్ని తీయడం 'పాప్'.

మొబైల్ యాప్ తెరలు కూడా ఇలాగే పేరుకుంటాయి. కొత్త తెర తెరిస్తే అది పైకి చేరుతుంది. వెనక్కి నొక్కితే పైనున్న తెర తొలగి, దాని కింద ఉన్నది కనిపిస్తుంది. మన యాప్‌లో ప్రయాణాన్ని చూడండి. కుడివైపు చివర ఉన్నదే ఇప్పుడు కనిపించే తెర.

యాప్ తెరిచారు : హోమ్
కొత్త నమోదు నొక్కారు : హోమ్ → గ్రామం
గ్రామం ఎంచారు : హోమ్ → గ్రామం → పంట వివరాలు
తరువాత నొక్కారు : హోమ్ → గ్రామం → పంట వివరాలు → సరిచూపు
వెనక్కి నొక్కారు : హోమ్ → గ్రామం → పంట వివరాలు

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. సరిచూపు తెరలో 'సవరించు' అనే బటన్ పెట్టి, దానితో పంట వివరాల తెరను కొత్తగా తెరుస్తారు. అప్పుడు స్టాక్ ఇలా అవుతుంది:

హోమ్ → గ్రామం → పంట వివరాలు → సరిచూపు → పంట వివరాలు

ఒకే తెర రెండుసార్లు చేరింది. రెండోది ఖాళీగా ఉండవచ్చు. మూడుసార్లు సవరించిన వ్యక్తి హోమ్‌కు రావాలంటే ఎన్నిసార్లు వెనక్కి నొక్కాలో లెక్క వేసి చూడండి. 'సవరించు' అంటే ముందున్న తెరకు తిరిగి రావడమే. కాబట్టి అక్కడ పుష్ చేయకూడదు, పాప్ చేయాలి.

దీని నుంచి ఒక సూత్రం గుర్తుంచుకోండి: చూడని తెరకు వెళ్ళేటప్పుడు పుష్, చూసిన తెరకు తిరిగి వచ్చేటప్పుడు పాప్.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
పైన 'సవరించు' పొరపాటు ఉన్న యాప్‌లో ఒకరు సరిచూపు తెరకు చేరి, 'సవరించు', 'తరువాత' బటన్లను జంటగా రెండుసార్లు నొక్కారు. ఇప్పుడు స్టాక్‌లో ఎన్ని తెరలు ఉన్నాయి? హోమ్‌కు చేరడానికి ఎన్నిసార్లు వెనక్కి నొక్కాలి?

9.3 'వెనక్కి' వేరు, 'పైకి' వేరు

యాప్ తెర పైభాగాన ఎడమవైపు చిన్న బాణం గుర్తు మీరు చూసే ఉంటారు. ఫోన్‌కు ఉన్న వెనక్కి బటన్, ఆ బాణం రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ సందర్భాలలో రెండూ ఒకే చోటికి తీసుకువెళతాయి కూడా. కానీ వాటి అర్థాలు వేరు.

పాలనా విభాగాలతో పోల్చి చూద్దాం. ఎర్రవల్లి గ్రామం మర్కూక్ మండలంలో ఉంది. మర్కూక్ మండలం సిద్దిపేట జిల్లాలో ఉంది. ఎర్రవల్లి పేజీ నుంచి ఒక మెట్టు పైకి అంటే మర్కూక్ మండల పేజీ. ఎవరు ఎటునుంచి వచ్చినా ఈ మెట్ల క్రమం మారదు. ఇది 'పైకి'.

ఒకరు హైదరాబాద్ నుంచి నేరుగా ఎర్రవల్లికి వచ్చారనుకోండి. వారు తిరిగి వెళ్ళేది హైదరాబాద్‌కే కానీ మండల కేంద్రానికి కాదు. వచ్చిన దారినే తిరిగి పోవడం 'వెనక్కి'. ఒకటి నిర్మాణాన్ని బట్టి, మరొకటి ప్రయాణ చరిత్రను బట్టి నిర్ణయమవుతుంది.

మన యాప్‌లో ఈ తేడా ఎప్పుడు బయటపడుతుంది? రైతుకు 'మీ నమోదులో విస్తీర్ణం సరిచూడండి' అని ఒక నోటిఫికేషన్ వచ్చింది. దాన్ని నొక్కగానే నేరుగా పంట వివరాల తెర తెరుచుకుంది. స్టాక్‌లో ఆ ఒక్క తెరే ఉంటే, వెనక్కి నొక్కగానే యాప్ నుంచి బయటకు పోతారు. మిగతా నమోదులు చూడాలనుకున్న రైతుకు దారి దొరకదు.

ఆండ్రాయిడ్ రూపకల్పన సూత్రాలు దీనికి రెండు నియమాలు చెబుతాయి. మొదటిది, పైకి బాణం వాడేవారిని ఎప్పుడూ యాప్ బయటకు పంపకూడదు. రెండవది, నోటిఫికేషన్ ద్వారా లోపలి తెర తెరిచినప్పుడు, వారు హోమ్ నుంచి నడిచి వచ్చినట్లే కింది తెరలను కూడా స్టాక్‌లో పేర్చి పెట్టాలి. అప్పుడు వెనక్కి నొక్కితే గ్రామం తెర, ఆ తరువాత హోమ్ వస్తాయి. యాప్‌కు ఎప్పుడూ ఒకే మొదటి తెర ఉండాలన్నది కూడా ఈ సూత్రాలలో ఒకటి. ఐకాన్ నొక్కి తెరిచినప్పుడు కనిపించే ఆ తెరే, వెనక్కి నొక్కుతూ యాప్ నుంచి బయటకు వెళ్ళేటప్పుడు చివరగా కనిపించాలి.

9.4 వెనక్కి బటన్ ఎలా మారుతూ వచ్చింది

2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌కు వెనక్కి అనే బటన్ ఫోన్ మీదే విడిగా ఉండేది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0తో ఆ బటన్లను తెర అడుగునే గీసి చూపే వీలు కలిగింది. 2019లో ఆండ్రాయిడ్ 10 బటన్ అవసరం లేకుండానే, తెర ఎడమ లేదా కుడి అంచు నుంచి లోపలికి వేలు జరిపితే వెనక్కి వెళ్ళే పద్ధతిని తెచ్చింది. ఐఫోన్‌కు ఇలా వ్యవస్థ స్థాయి వెనక్కి బటన్ మొదటి నుంచీ లేదు. ప్రతి యాప్ తన తెర పైభాగాన వెనక్కి గుర్తు చూపుతుంది. 2013లో ఐఓఎస్ 7తో ఎడమ అంచు నుంచి వేలు జరిపే పద్ధతి అక్కడ వచ్చింది.

ఈ మార్పుల వల్ల యాప్ తయారీదారుకు రెండు కొత్త బాధ్యతలు వచ్చాయి. ఒకటి, అంచున వేలు తగలడం బటన్ నొక్కడం కంటే తేలిక కాబట్టి అనుకోకుండా వెనక్కి పోయే అవకాశం ఉంటుంది. కనుక రాసినదాన్ని దాచడం మరింత అవసరం. రెండు, అంచుల దగ్గర పక్కకు జరిపే బొమ్మలు, స్లైడర్లు పెడితే రెండు సంజ్ఞలూ ఢీకొంటాయి.

2022లో ఆండ్రాయిడ్ 13తో మరొక ముఖ్యమైన మార్పు మొదలైంది. వేలు జరుపుతూ ఉండగానే, వదిలితే ఎక్కడికి పోతామో ముందుగా చూపే ఏర్పాటు ఇది. దీన్ని ప్రిడిక్టివ్ బ్యాక్ అంటారు. పాత పద్ధతిలో, నొక్కిన తరువాత ఏం చేయాలో యాప్ అప్పటికప్పుడు నిర్ణయించుకునేది. ముందుగా చూపాలంటే వ్యవస్థకు సమాధానం ముందే తెలియాలి. అందుకే ఇప్పుడు యాప్ 'ఈ తెరలో వెనక్కి నొక్కును నేను అందుకుంటాను' అని ముందే నమోదు చేసుకోవాలి, అవసరం తీరగానే ఆ నమోదును ఆపివేయాలి. పాత ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ అనే పద్ధతిని వాడవద్దని ఆండ్రాయిడ్ 13 నుంచే సూచించారు. పాత పుస్తకాలలో, పాత ప్రాజెక్టులలో అది కనిపిస్తే మీరు దాన్ని అలాగే తీసుకోవద్దు. దాని స్థానంలో ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ డిస్పాచర్ వాడాలి. కంపోజ్‌లో రాసేవారికి బ్యాక్‌హ్యాండ్లర్, ఫ్లట్టర్‌లో రాసేవారికి పాప్‌స్కోప్ ఇదే పని చేస్తాయి.

9.5 నొక్కును ముందుగా ఎవరు అందుకోవాలి

ఒకే సమయంలో తెర మీద అనేక పొరలు ఉండవచ్చు. పంట వివరాల తెర, దాని మీద 'పంట ఎంచండి' అనే జాబితా, దాని మీద కీబోర్డు. ఒక్క నొక్కుకు ఒక్క పొరే తొలగాలి, అదీ అన్నిటికంటే పైనున్నదే తొలగాలి. క్రమం ఇలా ఉండాలి:

1. కీబోర్డు తెరిచి ఉంటే అది దిగాలి. ఈ పని ఫోన్ వ్యవస్థే చేస్తుంది.
2. సందేశపు పెట్టె, జాబితా, పక్క మెనూ వంటివి తెరిచి ఉంటే అవి మూసుకోవాలి.
3. తెరలోనే ఏదైనా ప్రత్యేక స్థితి ఉంటే, ఉదాహరణకు వెతుకులాట లేదా కొన్ని నమోదులను టిక్ చేసి ఉంచడం, అది రద్దు కావాలి.
4. తెరలో వెబ్ పేజీ చూపుతూ ఉంటే, ముందుగా ఆ పేజీల చరిత్రలో ఒక అడుగు వెనక్కి పోవాలి.
5. పైవేవీ లేనప్పుడు స్టాక్ నుంచి తెర పాప్ కావాలి.
6. ఉన్నది హోమ్ ఒక్కటే అయితే యాప్ నుంచి బయటకు వెళ్ళాలి.

ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ డిస్పాచర్ కూడా ఈ తీరులోనే పనిచేస్తుంది. నొక్కును అందుకుంటామని నమోదైన వాటిలో చివరగా చేరినదాన్ని ముందుగా పిలుస్తుంది. అది ఆపివేసి ఉంటే దాని ముందు చేరినదాన్ని చూస్తుంది. ఒకటి అందుకోగానే అక్కడితో ఆగుతుంది. ఇది కూడా ఒక స్టాక్ వంటిదేనని గమనించండి.

ఆరో మెట్టు గురించి ఒక మాట. ఆండ్రాయిడ్ 12 నుంచి హోమ్ తెరలో వెనక్కి నొక్కినప్పుడు వ్యవస్థ యాప్‌ను ముగించదు, వెనుక వరుసలోకి మాత్రమే పంపుతుంది. కాబట్టి తిరిగి తెరిచినప్పుడు వేగంగా వస్తుంది. 'బయటకు పోవడానికి మరొకసారి నొక్కండి' అనే సందేశం కొన్ని యాప్‌లలో కనిపిస్తుంది. హోమ్‌లో పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు ఆ అడ్డు అనవసరం.

9.6 జాగ్రత్త అవసరమైన సందర్భాలు

అ) సగం నింపిన ఫారం : ఏమీ రాయకపోతే వెనక్కి నొక్కును ఆపకూడదు. రాసిన తరువాత నొక్కితే రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, 'రాసిన వివరాలు పోతాయి. వెళ్ళాలా?' అని అడగడం. రెండవది, ప్రతి గడి నింపగానే దాన్ని ఫోన్‌లోనే చిత్తుప్రతిగా దాచి, అడగకుండానే వెళ్ళనివ్వడం. రెండో మార్గం మేలైనది. హెచ్చరిక పెట్టె వెనక్కి నొక్కినప్పుడే కనిపిస్తుంది. మధ్యలో కాల్ వచ్చినా, బ్యాటరీ అయిపోయినా, మెమొరీ చాలక వ్యవస్థ యాప్‌ను మూసివేసినా అది కాపాడలేదు. చిత్తుప్రతి వీటన్నిటిలోనూ కాపాడుతుంది. హెచ్చరిక పెట్టవలసి వస్తే బటన్ల మీద 'అవును', 'కాదు' అని రాయవద్దు. 'వదిలి వెళ్ళు', 'ఇక్కడే ఉండు' అని చేసే పనినే రాయండి.

ఆ) నమోదు పూర్తయిన తరువాత : 'నమోదు పూర్తి' తెరలో వెనక్కి నొక్కితే సరిచూపు తెర రావడం ప్రమాదకరం. అక్కడ 'సమర్పించు' బటన్ ఇంకా ఉంటుంది. దాన్ని మళ్ళీ నొక్కితే ఒకే సర్వే నంబరు రెండుసార్లు నమోదవుతుంది. పని ముగిసిన తరువాత ఆ పనికి సంబంధించిన తెరలన్నిటినీ స్టాక్ నుంచి తొలగించాలి. అప్పుడు స్టాక్ 'హోమ్ → నమోదు పూర్తి' అని మాత్రమే మిగులుతుంది. ఆండ్రాయిడ్ నావిగేషన్ లైబ్రరీలో పాప్ అప్ టు అనే ఏర్పాటు ఇందుకోసమే ఉంది.

ఇ) చెల్లింపు జరుగుతున్నప్పుడు : యూపీఐ వంటి చెల్లింపులలో 'వెనక్కి నొక్కవద్దు' అనే సందేశం మీరు చూసి ఉంటారు. దాని వెనుక కారణం తెలుసుకోండి. వెనక్కి బటన్ మార్చగలిగేది మీ ఫోన్‌లోని తెరను మాత్రమే. సర్వర్‌కు అప్పటికే చేరిన అభ్యర్థనను అది వెనక్కి తేలేదు. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం, మనం ఇంటికి తిరిగి వచ్చినంత మాత్రాన తిరిగి రాదు కదా. కాబట్టి తెర మారినా డబ్బు వెళ్ళిపోయి ఉండవచ్చు. వాడేవారు వెళ్ళలేదనుకొని రెండోసారి చెల్లిస్తే నష్టపోతారు.

దీనికి మూడు పనులు చేయాలి. అభ్యర్థన పంపిన కొన్ని క్షణాలు వెనక్కి నొక్కును అందుకొని 'జరుగుతోంది' అని చూపాలి. ప్రతి చెల్లింపుకు ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా నమోదు చేయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి పంపాలి. యాప్ మళ్ళీ తెరిచినప్పుడు ఫలితం తేలని చెల్లింపులు ఉన్నాయేమో ముందుగా సర్వర్‌ను అడగాలి. వెనక్కి బటన్‌ను శాశ్వతంగా బిగించడం మాత్రం సరికాదు. సిగ్నల్ లేనిచోట వాడేవారు ఆ తెరలోనే చిక్కుకుపోతారు.

ఈ) లాగిన్ : ఓటీపీతో లోపలికి వచ్చినవారు హోమ్‌లో వెనక్కి నొక్కితే మళ్ళీ ఓటీపీ తెర రాకూడదు. లాగౌట్ చేసిన తరువాత వెనక్కి నొక్కితే పాత వివరాలు కనిపించకూడదు. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడే చోట రెండోది గోప్యతకు సంబంధించిన విషయం. రెండు సందర్భాలలోనూ స్టాక్‌ను పూర్తిగా ఖాళీచేసి కొత్తగా మొదలుపెట్టాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
రాసిన ఫారంను కాపాడడంలో హెచ్చరిక పెట్టె కంటే చిత్తుప్రతి ఎందుకు మేలు?

9.7 విధాన క్రమం

పంట వివరాల తెరకు వెనక్కి నొక్కు విధానాన్ని మాటలలో ఇలా రాయవచ్చు:

మెట్టు 1 : తెర తెరవగానే చిత్తుప్రతి ఉందేమో చూడు. ఉంటే గడులలో నింపు.
మెట్టు 2 : ఏ గడి మారినా వెంటనే చిత్తుప్రతిని దాచు.
మెట్టు 3 : వెనక్కి నొక్కినప్పుడు పంటల జాబితా తెరిచి ఉంటే దాన్ని మూసి ఆగు.
మెట్టు 4 : లేకపోతే తెరను పాప్ చెయ్యి. చిత్తుప్రతి ఉంటే గ్రామం తెర మీద 'మీరు రాసినవి భద్రంగా ఉన్నాయి' అని చూపు.
మెట్టు 5 : సమర్పణ విజయవంతమైతే చిత్తుప్రతిని తుడిచి, హోమ్ వరకు ఉన్న తెరలను తొలగించి, 'నమోదు పూర్తి'ని పుష్ చెయ్యి.

మూడో మెట్టులో నొక్కును అందుకునే నమోదు, జాబితా తెరిచినప్పుడు మొదలై మూసినప్పుడు ఆగాలి. దాన్ని ఆపడం మరిచిపోతే వెనక్కి బటన్ ఎన్నిసార్లు నొక్కినా తెర కదలదు.

గ్రామం తెరలో రైతు ఎర్రవల్లి బదులు వేరే గ్రామాన్ని ఎంచుకుంటే చిత్తుప్రతి ఏం కావాలి? సర్వే నంబర్లు గ్రామానికి చెందినవి. ఒక గ్రామం నంబరు మరొక గ్రామంలో వేరొకరి భూమి కావచ్చు. కాబట్టి చిత్తుప్రతిని గ్రామం పేరుతో కలిపి దాచాలి. వేరే గ్రామం ఎంచితే సర్వే నంబరు గడి ఖాళీగా రావాలి.

9.8 పరీక్షించే పద్ధతి

యాప్ సిద్ధమైన తరువాత ఈ పరీక్షలు చేయండి:
• ప్రతి తెరలోనూ వెనక్కి నొక్కి, వచ్చిన తెర పేరును కాగితం మీద రాయండి. మీరు గీసుకున్న స్టాక్‌తో పోల్చండి.
• కీబోర్డు, జాబితా రెండూ తెరిచి ఉంచి వరుసగా నొక్కండి. నొక్కుకు ఒక్క పొరే పోవాలి.
• బటన్‌తో ఒకసారి, అంచు సంజ్ఞతో ఒకసారి పరీక్షించండి.
• ఫారం సగంలో ఇటీవలి యాప్‌ల జాబితాలోకి వెళ్ళి యాప్‌ను తీసివేసి మళ్ళీ తెరవండి.
• సమర్పించిన వెంటనే డేటా ఆపి, వెనక్కి నొక్కండి. ఆ తరువాత డేటా తెరిచి ఎన్ని నమోదులు ఉన్నాయో చూడండి.
• చివరగా యాప్‌ను ఎప్పుడూ చూడని ఒకరి చేతికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. వారు వెనక్కి నొక్కి తడబడిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి.

9.9 సారాంశం

యాప్ తెరలు స్టాక్‌గా పేరుకుంటాయి. వెనక్కి అంటే వచ్చిన దారి, పైకి అంటే నిర్మాణంలోని మెట్టు. ఒక్క నొక్కుకు పైనున్న ఒక్క పొరే తొలగాలి. ముగిసిన పని తెరలను స్టాక్‌లో ఉంచకూడదు. వెనక్కి బటన్ తెరను మార్చగలదు కానీ సర్వర్‌లో జరిగినదాన్ని రద్దు చేయలేదు. వాడేవారు రాసినదాన్ని కాపాడే బాధ్యత యాప్‌దే. ఇవి పాటిస్తే మన ఉదాహరణలోని పెద్దాయన రెండోసారి నొక్కినా ఏమీ పోగొట్టుకోడు.

9.10 కీలక పదాలు

స్టాక్ : చివరగా చేరినది ముందుగా తొలగే అమరిక.
పుష్ : స్టాక్ పైన ఒక అంశాన్ని చేర్చడం.
పాప్ : స్టాక్ పైనున్న అంశాన్ని తీయడం.
చిత్తుప్రతి : సమర్పించక ముందు ఫోన్‌లో దాచిన అసంపూర్ణ వివరాలు.
ప్రిడిక్టివ్ బ్యాక్ : వెనక్కి వెళ్ళకముందే చేరబోయే చోటును చూపే ఏర్పాటు.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు

1. మొదట నాలుగు తెరలు ఉన్నాయి. ప్రతి జంట నొక్కుకు రెండు చొప్పున నాలుగు చేరతాయి. మొత్తం 8 తెరలు. హోమ్‌కు చేరడానికి 7 సార్లు నొక్కాలి.
2. హెచ్చరిక వెనక్కి నొక్కినప్పుడే పనిచేస్తుంది. చిత్తుప్రతి యాప్ ఏ కారణంతో మూసుకుపోయినా వివరాలను కాపాడుతుంది.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మొబైల్ యాప్‌లో తెరల స్టాక్ పనిచేసే తీరును ఉదాహరణతో వివరించండి.
2. ఫారం, నమోదు, చెల్లింపు, లాగిన్ సందర్భాలలో వెనక్కి బటన్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'వెనక్కి', 'పైకి' ప్రయాణాల మధ్య భేదాలు తెలపండి.
2. ప్రిడిక్టివ్ బ్యాక్ కోసం యాప్ తన ఉద్దేశాన్ని ముందే ఎందుకు తెలపాలి?
3. మీ ఊరి గ్రంథాలయానికి పుస్తకాల యాప్ తయారుచేస్తున్నారనుకొని, దాని తెరల స్టాక్‌ను గీసి, ప్రతి తెరలో వెనక్కి నొక్కు ఫలితాన్ని రాయండి.